అక్కనడగండి: తాగి పడుకునేటోళ్లకు మా పన్ను డబ్బులెందుకు?

రెండు నెలల కింద ఇదే పేజీలో బస్టాండ్ల దగ్గర రాత్రిపూట పడుకునేవాళ్ల గురించి నాలుగు లైన్లు రాసినా, అంతే, దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. సగం వాట్సాప్‌లో, కొన్ని వాయిస్ మెసేజులు (ఒకాయన ఎనిమిది నిమిషాలు తిట్టినాడు, ఓపిగ్గా మొత్తం విన్నా). అందరికీ రాసే చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నా. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట, నేను మున్సిపల్ ఆఫీసుల్లో ఇరవై రెండేళ్లు చేసి రిటైరైనదాన్ని, పొదుపు సంఘాలు, లోన్లు, పింఛన్లు, చివర్లో ఇల్లు లేనోళ్లు రాత్రి పడుకునే ఈ షెల్టర్లు.

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు పాతబస్తీ, హార్డ్‌వేర్ షాపు. మా వీధి చివర పాత బిల్డింగ్ ఒకటి ఖాళీగా పడుంది, అందులో కింద ఇల్లూవాకిలీ లేనోళ్లకు షెల్టరు, పైన మందు మాన్పించే సెంటరు పెడతారంట, వార్డులో అనుకుంటున్నారు. నేను ప్రాపర్టీ ట్యాక్స్, ట్రేడ్ లైసెన్స్ అన్నీ టైముకు కట్టేవాణ్ని. కష్టపడి కట్టిన డబ్బు తాగి పడిపోయేటోళ్లకు పెట్టడం ఏం న్యాయం? పైగా ఆడపిల్లలు ట్యూషన్లకు పోయే వీధి. మీరెప్పుడూ వాళ్ల వైపే మాట్లాడతారు, ఈసారన్నా మా వైపు మాట్లాడండి. – ఒక వ్యాపారి, కర్నూలు

జవాబు: అన్నా, నీ వైపే మాట్లాడతా, కాకపోతే చివరిదాకా చదువు.

ముందు డబ్బు సంగతి, వ్యాపారస్తుడివి కాబట్టి లెక్క నీకు తొందరగా ఎక్కుతుంది. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో ప్రైవేటు వైన్ షాపులకు లాటరీ తీసినారు గుర్తుందా, 3,396 షాపులకు 89,882 అప్లికేషన్లు, ఒక్కోదానికి 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్క అప్లికేషన్ ఫీజుల్లోనే 1,797 కోట్లు వచ్చినాయి, ఇంగా ఒక్క సీసా మూత తీయకముందే. ఇప్పుడు షెల్టర్ లెక్క చూడు, కేంద్రం గైడ్‌లైన్స్‌లో 50 మంది ఉండే షెల్టర్ నడపడానికి ఏడాదికి పెట్టిన డబ్బు 6 లక్షలు. ఆ ఫీజుల్లోంచి నూటికి ఒక్క రూపాయి పక్కన పెట్టినా దాదాపు 18 కోట్లు, అంటే అట్లాంటివి 299 షెల్టర్లు ఏడాదిపాటు నడుస్తాయి. లక్ష జనాభాకు 100 మందికి చోటుండాలనేది రూలు, 2011 జనాభాతో చూస్తే కర్నూలు, అనంతపురం, కడప మూడు ఊర్లకూ కలిపి ఇరవై, ఇరవై ఒకటి చాలు. అదే పాలసీలో మత్తు మాన్పించే పనులకు అని 2 శాతం సెస్ కూడా పెట్టినారు. కాబట్టి నీ షాపు పన్ను ముట్టుకోకుండానే ఈ పని అవుతుంది, సీసా మీద వచ్చిన డబ్బులో చిన్న ముక్క సీసా వల్ల పడిపోయినోడి మీద పెట్టమంటున్నా అంతే. వాడు కూడా పన్ను కట్టనోడేం కాదు, వాడు తాగే ప్రతి క్వార్టర్‌లో పెద్ద భాగం సర్కారుకు పోయేదే, ఆ లెక్కన నీకంటే రెగ్యులర్‌గా కడుతున్నాడు (కోప్పడొద్దు, సరదాకి అన్నా).

రెండోది, నీ డబ్బు వాడి మీద ఇప్పటికే ఖర్చవుతోంది, అదీ దండగ ఖర్చు. షట్టర్ ముందు పడిపోతే నువ్వే 108కి ఫోన్ చేస్తావు, క్యాజువాలిటీలో సెలైన్ పెడతారు, తెల్లారి పంపించేస్తారు, నాలుగు రోజులకు మళ్లీ 108. ఒక పోలీసాయన లేపి అవతలి వీధికి తోలతాడు, అవతలి వీధి పోలీసాయన ఇవతలికి తోలతాడు. ఆఖరికి చచ్చిపోతే గుర్తు తెలియని శవం అని పంచనామా, మార్చురీ, తర్వాత మున్సిపాలిటీ మనుషులు, గుంత. ఇవన్నీ ఎవరి డబ్బులనుకున్నావు.

నేను పనిచేసిన ఒక ఊర్లో, పేరు వద్దులే, కాలువ గట్టు మీద ఒకాయన ఉండేవాడు. మగ్గం నేసే మనిషి, చేతులు వణకడం మొదలైనాక మగ్గం మీద కూర్చోలేకపోయినాడు, ఇంట్లో గొడవలు, బయటికొచ్చేసినాడు. మూడు సార్లు ఆసుపత్రిలో చేర్పించినాం, మూడు సార్లూ పది రోజులకు బాగై గడ్డం గీయించుకుని నవ్వుకుంటా బయటికొచ్చినాడు. వచ్చి యాడికి పోవాల? షెల్టర్‌లో 'తాగేవారికి ప్రవేశం లేదు' అని బోర్డు, అక్కడోళ్లు ఈయన్ను గుర్తుపట్టి గేటు తీయలా, నేను మానేసినా సారూ అంటే ఎవరు నమ్ముతారు. మళ్లీ కాలువ గట్టే, మళ్లీ అదే నలుగురు దోస్తులు. నాలుగోసారి చేర్పిద్దామని నేను పోయేసరికి మనిషి లేడు. ఆసుపత్రిలో పెట్టింది ఖర్చే, షెల్టర్‌కు పెట్టిందీ ఖర్చే, రెండింటికీ మధ్య అర కిలోమీటరు ఎవరూ నడిపించకపోయేసరికి రెండూ నీళ్లపాలు.

అందుకని రెండూ ఒక చోట పెట్టాలనే ఆలోచన తప్పని నేననను, కానీ మీ వీధి ప్లాన్ నాక్కూడా నచ్చలా, నీ కారణానికి కాదు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనపడి, ఒళ్లంతా చెమటలు, జ్వరం, డాక్టర్లు డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు దాన్ని, చూసుకోకపోతే ప్రాణమే పోతుంది. అది డాక్టరు, నర్సు, బీ1 విటమిన్ ఇంజక్షను రాత్రీ పగలూ ఉన్న చోట జరగాల్సిన పని, పాత బిల్డింగ్ పై అంతస్తులో వాచ్‌మన్ చూసుకునేది కాదు. ఆ మొదటి పది రోజులు ఆసుపత్రి వార్డులో, ఆ తర్వాత మూడు నెలలో ఆరు నెలలో నిలదొక్కుకునే టైమ్ మీ వీధి బిల్డింగ్‌లో, అట్ల అడగండి.

నీ భయం ఉత్తదే అని కూడా అనను. ఆడపిల్లలు తిరిగే వీధి అంటున్నావు కదా, గేటు ముందు లైట్లు, కెమెరా, రాత్రి డ్యూటీకి ఒక్కడు కాకుండా ఇద్దరు, ఆడవాళ్లకు వేరే చోట వేరే షెల్టరు, వార్డు నుంచి ఇద్దరు ముగ్గురితో కమిటీ, అందులో నువ్వుండు, నెలకోసారి రిజిస్టర్ చూసే హక్కు రాయించుకో. సంతకం పెట్టకముందు ఇవన్నీ అడిగితే ఇస్తారు, పెట్టినాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఇంకొకటి, షెల్టర్‌లో ఉండేవాళ్లంతా తాగేవాళ్లే అని ఎవరన్నారు? కోసిగి దిక్కు నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతా రైలు తప్పిపోయిన సంసారాలు, ఆసుపత్రిలో పేషెంటును పెట్టుకుని చెట్టు కింద పడుకునేవాళ్లు, కొడుకులు బస్సెక్కించి పంపించేసిన ముసలోళ్లు, నేను రిజిస్టర్లలో రాసిన పేర్లలో ఇట్లాంటివే ఎక్కువ.

ప్రశ్న: అక్కా నేను కడప జిల్లాలో ఒక టౌన్‌లో షెల్టర్ నైట్ కేర్‌టేకర్ని. ఏడు నెలలైంది జీతం రాక. పైనుంచి ఫండ్ ఆగింది అంటారు. సరుకులు కూడా అప్పు మీద తెస్తున్నాం, కొట్టాయన మొన్నటి నుంచి ఇవ్వనంటున్నాడు. కేంద్రం అంటారు, రాష్ట్రం అంటారు, మున్సిపాలిటీ అంటారు, అసలీ డబ్బు ఎవరిది? – పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, ఏడు నెలలు జీతం లేకుండా రాత్రిళ్లు మేలుకుంటున్నావంటే ఆ షెల్టర్ నడుస్తున్నది సర్కారు డబ్బు మీద కాదు, నీ మీద.

డబ్బు ఎవరిదంటే మూడూ నిజమే, అదే చిక్కు. 2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అని పెట్టింది, మనకు మెప్మా, అంటే పట్టణాల్లో పేదరికం తగ్గించే రాష్ట్ర సంస్థ, నుంచి నడిచింది, అందులో నిరాశ్రయుల షెల్టర్లు ఒక భాగం. కేంద్రం 60, రాష్ట్రం 40. కట్టడానికి డబ్బు, తర్వాత నడపడానికి ఐదేళ్ల డబ్బు, ఆ తర్వాత మున్సిపాలిటీనే చూసుకోవాలని గైడ్‌లైన్స్‌లో మొదటి రోజు నుంచే రాసుంది. 2024 సెప్టెంబరు 30తో ఆ మిషన్ గడువు కూడా అయిపోయింది. అంటే బరువు మున్సిపాలిటీ మీద పడుతుందని అందరికీ ముందే తెలుసు, కానీ నా సర్వీసులో బడ్జెట్ మీటింగులు ఎన్నో చూసినా, ఐదేళ్ల తర్వాత షెల్టర్ ఖర్చు అని ఒక లైను రాసిన బడ్జెట్ నేను చూడలా. ఐదేళ్ల తర్వాత ఈ కమిషనరూ ఉండడు ఈ ఇంజనీరూ ఉండడు, ఎవడు రాస్తాడు.

పోనీ ఇచ్చిన ఆ 6 లక్షలు ఎంతో చూడు, 50 మందికి 365 రోజులకు పంచితే మనిషికి రోజుకు 33 రూపాయలు రాదు, సరిగ్గా 32 రూపాయల 88 పైసలు. దాంట్లోనే మేనేజరు, మూడు షిఫ్టుల కేర్‌టేకర్లు, కరెంటు, నీళ్లు, ఫినాయిలు, దుప్పట్లు ఉతికించడం. టీ, బన్ను రేటుతో ఒక మనిషిని రాత్రంతా కాపాడాల. బిల్డింగ్‌కు మాత్రం డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది, దాతలు కూడా దొరుకుతారు, గోడ మీద చలువరాయి పెట్టి పేరు చెక్కించుకోవచ్చు కదా, ఫినాయిల్ డబ్బా మీద ఎవరి పేరు చెక్కిస్తారు. ఇది మన జిల్లాలో ఒక్కచోటే కాదులే, దేశమంతా ఇదే కథ అయ్యేసరికి 2016 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టులో చేసి రిటైరైన జడ్జి కైలాశ్ గంభీర్ గారితో కమిటీ వేసింది, షెల్టర్లకు ఇచ్చిన డబ్బు ఏమవుతోంది, షెల్టర్లు ఎందుకు లేవు అని చూడ్డానికి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. నీ జీతం బాకీ నెలల వారీగా తెల్లకాగితం మీద రాసి, అటెండెన్స్ రిజిస్టర్ జిరాక్సు పెట్టి, సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకో, లేబర్ ఆఫీసులో ఇంకో కాపీ. నోటిమాటగా అడిగినన్నాళ్లు ఎవరూ కదలరు. రెండోది ఆర్‌టీఐ, అదే సమాచార హక్కు కింద అర్జీ, 10 రూపాయలు ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల: ఈ షెల్టర్‌కు ఏ ఏడాది ఎంత విడుదలైంది, ఎంత ఖర్చు, ఈ ఏడాది మున్సిపల్ బడ్జెట్‌లో ఎంత పెట్టినారు. నీ పేరు మీద వేస్తే ఉద్యోగానికి ఇబ్బంది అనుకుంటే వేరే ఎవరితోనైనా వేయించు. మూడోది మీ కౌన్సిలర్‌ను పట్టుకుని మార్చిలోపల, బడ్జెట్ పాసయ్యేలోపల, షెల్టర్ నిర్వహణ అని ఒక ప్రత్యేక లైను రాయించాల, మార్చి దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. కడప జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలు, గనులు ఉన్నాయి కాబట్టి గనుల నుంచి వచ్చే జిల్లా మినరల్ ఫండ్ కలెక్టర్ చేతిలో ఉంటుంది, వృద్ధులు, వికలాంగులు, ఆరోగ్యం లాంటివి అందులో ముఖ్యమైన పనుల కిందికి వస్తాయి, అడిగి చూడొచ్చు. కంపెనీలు సమాజం కోసం పెట్టే సీఎస్ఆర్ డబ్బు కూడా ఉంది కానీ వాళ్లూ ఫ్రిజ్జో మంచాలో ఇచ్చి ఫోటో దిగి పోతారు, జీతాలకు ఇస్తారా అని మొహం మీద అడుగు. పక్కనే అన్న క్యాంటీన్ ఉంటే 5 రూపాయల భోజనానికి ఉండేవాళ్లను అటు పంపించి, వంట సరుకుల అప్పన్నా తగ్గించుకో.

ప్రశ్న: అక్కా, మా ఆయన లారీ డ్రైవరు, తాగుడు ఎక్కువై పని పోయింది. ఒక ప్రైవేటు సెంటర్‌లో మూడు నెలలు పెట్టినాం, బంగారు తాకట్టు పెట్టి 60 వేలు కట్టినాం. ఫోన్ కూడా మాట్లాడనీయలా, వచ్చినాక చూస్తే కాళ్లకు గొలుసు మచ్చలు. వారానికే మళ్లీ మొదలు. రెండు నెలలుగా ఇంటికి రాలేదు, టవర్ క్లాక్ దగ్గర పడుకుంటున్నాడని చూసినోళ్లు చెప్పినారు. ఇంకో సెంటర్‌కు కట్టే స్తోమత నాకు లేదు. – ఒక భార్య, అనంతపురం

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ గొలుసు సంగతి. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది, తాగుడు, మత్తు వల్ల వచ్చే జబ్బులు కూడా దాని కిందికే వస్తాయి. గొలుసుతో కట్టెయ్యడం ఏ రూపంలోనైనా ఆ చట్టంలో నిషేధం. అట్లాంటి సెంటర్ ఏదైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టర్ కావాల. మచ్చలు ఫోటో తీసిపెట్టుకో, కట్టిన రసీదులు దాచుకో, కలెక్టర్‌కు, జిల్లా వైద్యాధికారికి రాయి. డబ్బు తిరిగొస్తుందని నేను మాటివ్వలేను, కానీ ఇంకొకరి కాళ్లకు పడకుండా ఆగుతుంది.

రెండోది నీకు చానా అవసరమైంది. అదే చట్టంలో పేదవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, ఇల్లు లేకుండా తిరిగేవాళ్లకు, సర్కారు నడిపే లేదా సర్కారు డబ్బుతో నడిచే చోట్లన్నిటా వైద్యం పూర్తిగా ఉచితం అని రాసుంది. ఇంకో 60 వేలు ఎవరూ అడగకూడదు. జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి పో. 14446 అని టోల్‌ఫ్రీ నంబరుంది, మత్తు మాన్పించే కేంద్రాల కోసమే పెట్టింది, కేంద్ర సాంఘిక న్యాయ శాఖ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు 15, 30, 50 పడకలవి ఉంటాయి, దగ్గర్లో ఏది ఖాళీ ఉందో ఆ నంబర్‌లో అడుగు. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రైనా పలుకుతారు, అది ఆయన కోసమే కాదు నీ కోసం కూడా, రెండు నెలలుగా నువ్వు నిద్రపోయింటావని నేననుకోను. ఆయనకు మతి తెలియకుండా తిరుగుతున్నట్టుంటే అట్లాంటి మనిషిని కాపాడి, 24 గంటల్లోపల సర్కారు ఆసుపత్రిలో చూపించే బాధ్యత పోలీసులదని ఆ చట్టమే చెప్తుంది, స్టేషన్‌కు పోయి ఆ మాట గట్టిగా చెప్పు.

ఒకటి మాత్రం చేయొద్దు. ఇంటికి తెచ్చి గదిలో పెట్టి తాళమేసి మాన్పిద్దామని అనుకోవద్దు, పైన కర్నూలు అన్నకు రాసింది చదువు, ఆపిన మొదటి నాలుగు రోజులు డాక్టర్ కళ్ల ముందుండాల. వారానికే మళ్లీ తాగినాడని కుంగిపోతున్నావు, మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బులో మామూలే, షుగర్ పేషెంటుకు షుగర్ మళ్లీ పెరిగినట్టే, అంతమాత్రాన మొదటి వైద్యం వేస్టు అని కాదు (నీ విషయంలో మొదటిది వైద్యమే కాదు, అది వేరే సంగతి). ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో తాగుడుకు బానిసైనవాళ్లలో 38 మందికి ఒకరికే ఏదో ఒక వైద్యం అందింది, ఆసుపత్రిలో చేరి చేయించుకున్నది 180 మందిలో ఒకరు. మిగతా 179 ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం తాకట్టు పెడుతున్నారో ఆ సర్వేలో లేదు.

టవర్ క్లాక్ దగ్గరికి ఒక్కదానివే రాత్రిపూట పోవద్దు. పొద్దున ఐదారు గంటలకు, తాగకముందు, మీ అన్నో తమ్ముడో తోడు పెట్టుకుని పో, టిఫిన్ పెట్టించు, తిట్టకుండా ఆసుపత్రికి పోదాం రా అను. ఆ టైములో వినేవాళ్లు వింటారు, నేను చూసినా.

ప్రశ్న: మేడమ్, ఇన్ని తంటాలెందుకు, పూర్తిగా మద్య నిషేధం పెట్టేస్తే షెల్టర్లూ సెంటర్లూ అవసరమే ఉండదు కదా? రాజ్యాంగంలో కూడా ఉందంట. – డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: ఉంది నాయనా, 47వ ఆర్టికల్. మన రాష్ట్రంలో పెట్టినారు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే అది రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబరులో కర్నూలు మనిషే కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా సారా ఆపించినారు, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యమే ఆపించినారు, 1997లో ఎత్తేసినారు. ఆ ఆడవాళ్లు చేసింది చిన్న పని కాదు, నేను అప్పుడు కొత్తగా సంఘాల పనిలోకి వచ్చినా, ఆ వేడి చూసినా. కానీ మన సీమకు ఒక పక్క కర్ణాటక, పైన తుంగభద్ర దాటితే తెలంగాణ, మొన్న ఇక్కడ రేట్లు పెరిగినప్పుడు ఆదోని, రాయదుర్గం దిక్కు కర్ణాటక మందు టెట్రా ప్యాకెట్లు ఎట్లొచ్చినాయో, కర్నూలు దగ్గర పంచలింగాల చెక్‌పోస్టులో ఎన్ని బండ్లు పట్టుకున్నారో నీకూ తెలుసు. షాపు మూసినా, అప్పటికే బానిసైనోడికి రేపు పొద్దున చేతులు వణకడం ఆగదు. నిషేధం కావాలంటే అడుగు, తప్పేం లేదు, దానికి ముందు వార్డులో మంచాలు అడుగు.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాం అక్కా, మా యూత్ తరఫున సంక్రాంతికి 100 దుప్పట్లు పంచాలని డబ్బు పోగు చేసినాం. మీ మ్యాగజైన్‌లో ఫోటో వేస్తారా? దుప్పట్లు కాకుండా ఇంకేమన్నా ఇస్తే బాగుంటుందా?

జవాబు: ఫోటో వేయం, రెండో ప్రశ్న అడిగినందుకు మాత్రం సంతోషం. పండగప్పుడు దుప్పట్లు పంచేవాళ్లు చానామంది, ఒకే మనిషికి మూడొస్తాయి, ఒకటి కప్పుకుంటాడు, రెండోది పక్కోడికి ఇస్తాడు, మూడోది క్వార్టర్ అవుతుంది, దాచిపెట్టడం ఎందుకు. అమ్మనోడికి కూడా ఇంకో కష్టముంది, పగలంతా కూలికి పోతే ఆ దుప్పటి యాడ పెట్టాల? చెట్టు కొమ్మల్లో పెడతారు, సాయంత్రానికి ఉండదు. ఆధార్ కార్డు, ఫోను, బ్యాంకు పుస్తకం అన్నీ అట్లనే పోతాయి, ఆధార్ పోతే పింఛను ఆగిపోతుంది, కొన్ని షెల్టర్లలో ఆధార్ లేదని చేర్చుకోరు కూడా. అసలు రూలు తిరగేసి ఉంది, కార్డులు లేనోళ్లకు షెల్టరే దగ్గరుండి ఇప్పించాలని.

మీ డబ్బుతో ఇనుప రేకు లాకర్లు చేయించండి, స్కూలు బ్యాగు పట్టేంత సైజు, వెల్డింగ్ షాపులో మాట్లాడితే బేరం కుదురుతుంది. మీ ఊర్లో షెల్టర్ ఉంటే అందులో, లేకపోతే రాత్రి మనిషి ఉండే ఏదైనా సత్రంలో అడిగి పెట్టించండి. మిగిలిన డబ్బుతో మీలో ఇద్దరు నెలకో ఆదివారం కూర్చుని పోయిన ఆధార్లకు ప్రింట్లు తీయించి పెట్టండి. తాళం చెవులు మాత్రం రెండేసి సెట్లు చేయించండి, రెండోది కేర్‌టేకర్ దగ్గర పెట్టాల, మొదటి వారంలోనే సగం మంది పోగొట్టుకుంటారు.